దిద్దుబాటు చీటీ

"ఎన్మిది," అంది లచ్చమ్మ. "నేను ఎన్మిది ముళ్ళు ఏసిన. నువ్వు అయిదే రాసినవ్."

సుతిలి తాడు ముక్కను తెచ్చి కోడలి ఇడ్లీ ప్లేటు పక్కన పెట్టింది. దానికి ఎనిమిది ముళ్ళున్నాయి. గడ్డిఅన్నారం పళ్ళ మార్కెట్‌లో పాతికేళ్ళు బత్తాయి పెట్టెలు దింపించుకున్న మనిషి లచ్చమ్మ. చదువు రాదు. లారీ మీంచి పెట్టె దిగిన ప్రతిసారీ తాడుకు ఒక ముడి వేసేది. ఆఖర్న గుమాస్తా కాగితం చదివించుకుని తన ముళ్ళతో సరిచూసుకునేది. ఆమె ముళ్ళ ముందు ఎన్ని కాగితాలు తలవంచాయో మార్కెట్‌లో ఎవర్ని అడిగినా చెబుతారు.

మొన్న శనివారం సరూర్‌నగర్ స్టేడియంలో మూసీ రైడర్స్ బాస్కెట్‌బాల్ జట్టు ఆఖరి లీగ్ మ్యాచ్ ఆడుతుంటే, ఆవిడ గ్యాలరీ మెట్ల మీద కూర్చుని అదే పని చేసింది. కొడుకు అభిలాష్ అందించిన బంతిని ఇంకొకడు బాస్కెట్‌లో వేస్తే ఒక ముడి.

ఆ మ్యాచ్‌కు టేబుల్ దగ్గర కూర్చుని లెక్కలు రాసింది కోడలు అమల. ఎవరెన్ని పాయింట్లు వేశారు, ఎవరెన్ని రీబౌండ్లు పట్టారు, ఎవరెన్నిసార్లు బంతి పోగొట్టుకున్నారు, అన్నీ ఆమె చేతిరాతే. ఈ ఒక్క మ్యాచే కాదు, సీజన్ పది మ్యాచ్‌లూ ఆమే రాసింది.

"మీరు లెక్కపెట్టినవి పాసులు అత్తయ్యా. నేను రాసేవి అసిస్టులు," అంది అమల. బంతి అందుకున్నవాడు వెంటనే వేసేస్తే ఆ గొప్ప అందించినవాడిదనీ, దాన్ని అసిస్ట్ అంటారనీ, అందుకున్నవాడు బంతిని నేలకు కొట్టుకుంటూ పోయి వేస్తే గొప్ప వాడిదేననీ ఓపిగ్గా వివరించింది.

లచ్చమ్మ అంతా వింది.

"మరి ఒక్కసారే నేలకు కొట్టి ఏస్తే?"

అమల ఇడ్లీ ముక్క తుంచుకుంది. ఆ ఒక్కసారి దగ్గరే స్కోరర్లు తరతరాలుగా తగువులాడుకుంటున్నారు. కొందరు ఇస్తారు, కొందరు ఇవ్వరు. టేబుల్ దగ్గర కూర్చున్నవాళ్ళ కన్నూ మనసూ ఎలా తేలిస్తే అలా.

అభిలాష్ గడప మీద కూర్చుని బూట్ల తాళ్ళు విప్పుతున్నాడు, మళ్ళీ కడుతున్నాడు. వాటితో అతను వెళ్ళేదెక్కడికీ లేదు. నిన్న సాయంత్రం క్లబ్బు నుంచి కబురొచ్చిన దగ్గర్నుంచి భార్యతో ఒక్క మాట మాట్లాడలేదు. రాత్రి కంచం ముందు కూడా, మంచినీళ్ళు కావాలని తల్లినే అడిగాడు.

కబురు చిన్నదే. వచ్చే ఏడాదికి జట్టులో పాయింట్ గార్డు, అంటే బంతిని నడిపించి మిగతావాళ్ళకు అందించే ఆటగాడు, ఒక్కడే ఉంటాడు. ఉన్న ఇద్దరిలో సీజన్ మొత్తం మీద ఎక్కువ అసిస్టులున్నవాడికి జీతంతో ఒప్పందం. జట్టు యజమానులు ఒక్క మ్యాచ్‌కీ వచ్చిన పాపాన పోలేదు. వాళ్ళకు ఆటంటే కాగితమే. ఆ కాగితం మీద అభిలాష్‌కు నలభై ఏడు. రెండోవాడికి నలభై తొమ్మిది.

ఆ రెండోవాడు శ్రీకర్. అమలకు సొంత తమ్ముడు.

అభిలాష్‌కు ముప్ఫై ఒకటి దాటాయి, ఎడమ మోకాలికి ఆపరేషన్ అయింది. ఇక్కడ వదిలేస్తే ఇంకో జట్టు పిలవదు. తండ్రి సీతారాములు ఆర్టీసీ డ్రైవరు, సకల జనుల సమ్మె మొదలైన దగ్గర్నుంచి ఎల్బీ నగర్ టెంట్‌లోనే ఉంటున్నాడు. అమల ఆటలు నేర్పే బడికి తాళం పడి మూడు వారాలైంది. మన్సూరాబాద్‌లోని ఆ రెండు గదుల ఇంటికి అభిలాష్ ఒప్పందం తప్ప వేరే ఆశ లేదు. ఈ సంగతి ఆ ఇంట్లో అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ పైకి అనడం లేదు.

"నీ తమ్మునికి నేను ముళ్ళు ఏయలే. వాని లెక్క నాకెందుకు," అంది లచ్చమ్మ తాడును వేలికి చుట్టుకుంటూ. "గని నువ్వు మాత్రం లెక్క తప్పినవ్ బిడ్డా. ఏ దిక్కు తప్పినవో నీకే ఎరుక."

ఏ దిక్కు అన్న మాట ఆ రోజుల్లో ఊరికే పలికేది కాదు. అయిదేళ్ళ క్రితం భీమవరం అమ్మాయి నల్గొండ అబ్బాయిని చేసుకున్నప్పుడు ఆ తేడా పప్పులో చింతపండు ఎంత వేయాలన్నంతవరకే వచ్చింది. అత్తయ్యా అని పిలిస్తే అత్తమ్మా అనరాదా అని లచ్చమ్మ రెండు రోజులు నవ్వుకుని, తర్వాత అలవాటు పడిపోయింది. ఇప్పుడు వీధి చివర టెంట్ ఉంది, టీవీలో ఇరవై నాలుగు గంటలూ రాష్ట్రం రెండు కావాలా వద్దా అన్న గొడవే ఉంది. పప్పు గిన్నె దగ్గర కూడా జాగ్రత్తగా మాట్లాడుకోవాల్సి వస్తోంది.

"అమ్మా, ఊకో," అన్నాడు అభిలాష్ తలెత్తకుండానే.

అమల ప్లేటు పక్కకు జరిపింది. లేచి భర్త ముందుకు వెళ్ళి, ట్రైనర్ తీసిన మ్యాచ్ సీడీ ఎక్కడుందని అడిగింది. అతను బ్యాగు వైపు చూపించాడు.

"చూసి ఏం చేస్తవ్?"

"రూలు ఉంది. మ్యాచ్ అయిన మూడో రోజు సాయంత్రం అయిదింటి లోపల, రాసినవాళ్ళే తప్పు దిద్దుకోవచ్చు. ఇవాళ మూడో రోజు."

కంప్యూటర్ ముందు స్టూలు మీద అమల కూర్చుంది. మోకాళ్ళ మీద శనివారం నాటి షీటు జిరాక్స్. మూసీ రైడర్స్ డెబ్భై ఒకటి, అవతలి జట్టు అరవై ఎనిమిది. ఇరవై ఆరు బాస్కెట్లు, ముప్ఫై నాలుగు రీబౌండ్లు, పదమూడు టర్నోవర్లు, పదిహేను అసిస్టులు. అభిలాష్: ముప్ఫై ఒక్క నిమిషాలు, పదకొండు పాయింట్లు, అయిదు అసిస్టులు. శ్రీకర్: ఇరవై రెండు నిమిషాలు, తొమ్మిది పాయింట్లు, ఆరు అసిస్టులు. రాసినప్పుడు ఒక్క కొట్టివేత కూడా లేకుండా రాసుకొచ్చానని మురిసిపోయిన కాగితమే అది.

అభిలాష్ వెనక నిలబడ్డాడు. లచ్చమ్మ గుమ్మానికి ఆనుకుంది.

రెండో క్వార్టర్లో అభిలాష్ బంతి అందించాడు. కుడి మూల పొడుగు మట్టయ్య అందుకుని, ఒక్కసారి నేలకు కొట్టి, బాస్కెట్ వైపు తిరిగి వేశాడు. బంతి పడింది. అమల షీటు చూసుకుంది. మట్టయ్య పేరున రెండు పాయింట్లున్నాయి. అభిలాష్ పేరు పక్కన ఏమీ లేదు.

మూడో క్వార్టర్లో మళ్ళీ అదే మూల, అదే మట్టయ్య, ఒకటే దెబ్బ. అభిలాష్ పేరు పక్కన ఏమీ లేదు. ఆ తర్వాత అయిదు నిమిషాలకు ఇంకోసారి. అప్పుడూ లేదు.

"మూడు," అంది లచ్చమ్మ మెల్లగా. గెలిచినట్టు కాదు, భయపడినట్టు.

అక్కడితో ఆపేసి ఉంటే బాగుండేది. తన పద్ధతి కఠినమని, బంతిని ఒక్కసారి నేలకు కొట్టినా ఎవరికీ ఇవ్వనని అమల చెప్పుకునేది. అందరూ నమ్మేవాళ్ళు. ఆమె కూడా నమ్మేది. కానీ సీడీ తిరుగుతూనే ఉంది.

నాలుగో క్వార్టర్ రెండో నిమిషంలో శ్రీకర్ బంతి అందించాడు. కుడి మూల మట్టయ్య అందుకుని, ఒక్కసారి నేలకు కొట్టి, తిరిగి వేశాడు.

అమల షీటు చూడలేదు. చూడనక్కర్లేదు. ఆ గీత గీసినప్పుడు పెన్ను ఎంత హాయిగా కదిలిందో ఆమె చేతికి గుర్తుంది.

"మళ్ళ ఏయి," అన్నాడు అభిలాష్.

మళ్ళీ వేసింది. ఇంకోసారి వేయమన్నాడు. మూడోసారి మట్టయ్య చేతిలోంచి బంతి పైకి లేస్తుండగా అతనే చెయ్యి చాచి ఆపాడు. తెర మీద బంతి గాల్లో ఉండిపోయింది.

"టేబుల్ దగ్గర ఉన్న ప్రతివాడికీ నేను నీ భార్యనని తెలుసు," అంది అమల. అత్తగారి ముందు ఎప్పుడూ మీరు అనే మనిషి నువ్వు అంటున్న సంగతి ఎవరూ పట్టించుకోలేదు. "నీకు ఒక గీత గీస్తే నలుగురూ నా పెన్ను వైపు చూసేవాళ్ళు. మొగుడికి రాసుకుంటోంది అంటారని భయం. అందుకే ఏమాత్రం అనుమానం వచ్చినా నీది వదిలేసేదాన్ని. అదే న్యాయం అనుకున్నాను."

"మరి చంటికి?"

శ్రీకర్‌ను ఇంట్లో చంటి అంటారు. బావ కూడా అలాగే పిలుస్తాడు.

"వాడికి రాసేటప్పుడు నాకు అనుమానమే రాలేదు."

అంతకంటే నిజమైన మాట ఆమె జీవితంలో ఇంకోటి చెప్పలేదు. అంతకంటే ఎక్కువ గుచ్చుకునే మాట కూడా చెప్పలేదు. అభిలాష్ గోడకు జారబడి మెల్లగా కింద కూర్చున్నాడు. మోకాలు మడత పడనప్పుడు అతను అలాగే కూర్చుంటాడు.

"పది మ్యాచ్‌లు," అన్నాడు.

మిగతా తొమ్మిదింటికీ గడువు దాటిపోయింది. వాటిలో ఎన్ని పోయాయో ఇక ఎవరూ లెక్కపెట్టరు.

"సీజనంత పోరగాళ్ళు నన్ను ఏమన్నరో ఎరికేనా నీకు? పెండ్లాం టేబుల్ మీద కూసున్నంక మనోనికి ఏం రంది అన్నరు. నవ్వుకుంట ఊకున్న. నా ఆటను నీ పెన్ను పెట్టిన భిక్ష అనుకున్నరు. ఆడ నువ్వేమో కోస్తున్నవ్."

"ఇవాళ దిద్దుతాను. మూడూ కలిపితే యాభై అవుతాయి. చంటి కంటే ఒకటి ఎక్కువ."

"దిద్దుతే ఏమంటరు? ఉద్యోగం పోతుందని మొగుని కోసం మూడు కలిపింది అంటరు." అతని గొంతు లేవలేదు. లేచి ఉంటే ఆమె తట్టుకునేది. "ఒక్కటే మాట చెప్తున్న. పోతే పో. పోయి కారణం రాయి. నా మొగుడని భయపడి కోసిన అని రాయి. గా మాట కాగితం మీద ఉంటేనే నేను ఆ జట్టుల తలెత్తుకుని తిరుగుత. పొరపాటైంది గిట్ల గిట్ల అని రాస్తే నాకా జాగ వద్దు. మాటిస్తవా?"

మాటిచ్చింది. ఆ క్షణంలో అతను ఏమడిగినా ఇచ్చేసేది.

శ్రీకర్ వచ్చేసరికి పన్నెండు దాటింది. బస్సుల్లేవు, ఆ రోజు ఆటోలూ లేవు, గడ్డిఅన్నారం నుంచి నడిచే వచ్చాడు. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. వచ్చింది సంతోషంగానే. ఈ ఒప్పందం ఉందన్న ధైర్యంతోనే నాన్న వెంకట్రావు హైదరాబాద్‌లో ఉండడానికి ఒప్పుకున్నాడట. లేకపోతే దసరాకు ముందే సామాను సర్దేసి, కొడుకును భీమవరంలో రొయ్యల మేత దుకాణంలో కూర్చోబెట్టేవాడట. ఇదంతా ఒక్క గుక్కలో చెప్పి, తెర మీద గాల్లో ఆగిపోయిన బంతిని చూసి, అక్క ముఖం చూసి ఆగిపోయాడు.

అమల దాచలేదు. నాలుగు పాసులూ వరసగా వేసి చూపించింది.

శ్రీకర్ మంచివాడు. అది ఒప్పుకుని తీరాలి. నాకిచ్చినప్పుడు బావకీ ఇవ్వాల్సిందే అన్నాడు. అంత దూరం అక్కను ఒంటరిగా పంపడం బాగుండదు, నేనూ వస్తానన్నాడు. అభిలాష్ లేచి బావమరిది భుజం మీద చెయ్యి వేశాడు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. లచ్చమ్మ పిల్లవాడికి మజ్జిగ కలిపి ఇచ్చింది.

మూడింటికి బయల్దేరారు. మన్సూరాబాద్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా నడక. ఎల్బీ నగర్ కూడలి దాటుతుంటే టెంట్‌లోంచి సీతారాములు చూసి కేకేశాడు. ఇద్దరికీ మంచినీళ్ళు ఇప్పించాడు. ఎక్కడికి అని అడగలేదు. గింత ఎండల నడుస్తున్నవా కొడుకా అని శ్రీకర్ తల మీద తన కండువా కప్పాడు. తన కొడుకు నోటి దగ్గర కూడు ఈ కుర్రాడి చేతిలో ఉందని ఆయనకు తెలియదు. శ్రీకర్ ఆ కండువా తీయలేకపోయాడు, దానితో నడవలేకపోయాడు. కొత్తపేట దాటాక మడిచి చేతిలో పట్టుకున్నాడు.

లీగు టెక్నికల్ సెక్రటరీ గంగాధరరావు ఆఫీసు ఒక కోచింగ్ సెంటర్ పైన, రెండో అంతస్తులో. కింద షట్టర్లన్నీ వేసి ఉన్నాయి. మెట్లెక్కేసరికి నాలుగున్నర. ఆయన రిటైరైన డ్రిల్లు మాస్టారు, తెనాలి వైపు మనిషి. నలభై ఏళ్ళు ఈల ఊది ఊది గొంతు బొంగురుపోయింది. దిద్దుబాటు చీటీ ఇచ్చి, పెన్ను మూత తీసి మరీ చేతికిచ్చాడు.

మ్యాచ్ నంబరు, ఆటగాడి పేరు, పాత అంకె, కొత్త అంకె. అయిదుకు బదులు ఎనిమిది. ఆఖరి గడి, తప్పుకు కారణం. అమల ఆగకుండా రాసింది. "ఆ ఆటగాడు నా భర్త. పక్షపాతం అంటారనే భయంతో అతనికి రావాల్సిన మూడు అసిస్టులు కావాలనే వదిలేశాను."

గంగాధరరావు చదివాడు. కళ్ళద్దాలు తీసి తుడిచి, పెట్టుకుని, మళ్ళీ చదివాడు.

"ఇది రాయకమ్మాయ్," అన్నాడు.

"జరిగింది ఇదే మాస్టారూ."

"జరిగింది ఇదే కావచ్చు. నే చెప్పేది విను. పొరపాటున వదిలేశాను అని రాశావనుకో, సీడీ ఉంది, చూసుకుంటాను, ఇప్పుడే స్టాంపు వేస్తాను. పొరపాటు అందరూ చేస్తారు. కావాలనే అని రాశావా, ఇక ఆ షీటును నమ్మడానికి లేదు. ఆ మ్యాచ్‌లో అసిస్టుల వరస మొత్తం కొట్టేయాలి. అందరివీ. రూలు నేను పెట్టింది కాదు. పైగా నిన్ను మళ్ళీ టేబుల్ దగ్గరకు రానివ్వరు."

టేబుల్ పోతుందన్న మాట అమల చెవికెక్కలేదు. ఆమె బుర్రలో కూడిక అప్పటికే అయిపోయింది. నలభై ఏడులోంచి అయిదు పోతే నలభై రెండు. నలభై తొమ్మిదిలోంచి ఆరు పోతే నలభై మూడు.

నిజం రాస్తే భర్తకు ఉద్యోగం పోతుంది. అబద్ధం రాస్తే వస్తుంది.

కిటికీ దగ్గర నిలబడ్డ శ్రీకర్ కూడా లెక్క వేసుకున్నాడు. ఆటగాడికి తన అంకెలు నిద్రలో లేపి అడిగినా తెలుస్తాయి. వాడి ముఖంలోకి రక్తం పొంగడం అమల చూసింది.

"నిజమే రాయక్కా," అన్నాడు శ్రీకర్. "బావకి మాటిచ్చావుగా."

ఆ మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. అందుకే ఆమెకు ఏడుపొచ్చింది. అయిదారు కిలోమీటర్లు ఎండలో, తనకు నష్టమని తెలిసీ తోడు వచ్చిన తమ్ముడు. వాడు అంతదూరం మంచివాడిగానే నడిచాడు. ఆఖరి రెండు గజాల్లో జారిపోయాడు. ఆ జారడం వాడికీ తెలిసింది. కండువాను రెండు చేతులా మెలిపెడుతూ కిటికీ వైపు తిరిగిపోయాడు.

గోడ గడియారం అయిదుకు తొమ్మిది నిమిషాలు తక్కువ చూపిస్తోంది.

ఫోన్ చేసి అడగొచ్చు. అమల ఫోన్ తీసింది కూడా. కానీ అతనేమంటాడో ఆమెకు తెలుసు. ఉద్యోగం పోతే పోనీ, నిజమే రాయి అంటాడు. అనేసి, మళ్ళీ ఆ గోడకు జారబడి కూర్చుంటాడు. రేపు, ఎల్లుండి, వచ్చే ఏడాది కూడా అక్కడే కూర్చుని ఉంటాడు. అడిగితే ఆ జవాబుకు కట్టుబడాలి. అడక్కపోతే అతన్ని బతికించుకోవచ్చు.

పది మ్యాచ్‌లు అతని బదులు తానే తేల్చింది. ఇప్పుడూ అదే చేస్తున్నానని ఆమెకు స్పష్టంగా తెలుసు. తెలిసే ఫోన్ బ్యాగులో పెట్టేసింది.

"ఇంకో చీటీ ఇవ్వండి మాస్టారూ."

గంగాధరరావు ఇచ్చాడు. ఈసారి పెన్ను ఒక్కో అక్షరం దగ్గరా ఆగింది. తప్పుకు కారణం: "పొరపాటున వదిలేశాను."

స్టాంపు పడింది. అభిలాష్, సీజన్ మొత్తం యాభై. శ్రీకర్ నలభై తొమ్మిది. గంగాధరరావు నకలు తీసుకుని బయటకు నడిచాడు. మెట్ల దగ్గర గోడకున్న నోటీసు బోర్డు మీద నాలుగు మూలలా పిన్నులు గుచ్చాడు. దిద్దుబాటు ఏదైనా సరే, కారణంతో సహా అందరికీ కనబడేలా పెట్టాలట. అదీ రూలే.

శ్రీకర్ బోర్డు ముందు నిలబడి చదివాడు. అక్క వైపు తిరిగి, కండువా ఆమె చేతిలో పెట్టాడు.

"మామయ్యగారికి ఇచ్చెయ్," అని మెట్లు దిగిపోయాడు.

వెనకే పిలుద్దామనుకుంది. ఏమని పిలవాలో తెలియలేదు. అప్పుడే ఫోన్ మోగింది.

"అమలా." నిన్నటి నుంచి అతను ఆ పేరు పలకలేదు. ఇంట్లో కూర్చుంటే పానం నిలుస్తలేదనీ, దోస్తు బండి మీద వచ్చేశాననీ, కింద షట్టర్ల దగ్గరే ఉన్నాననీ చెప్పాడు. "రాసినవా?"

"రాశాను."

"నేను చెప్పినట్లేనా?"

పిన్నులు సరిగ్గా గుచ్చి, మంచి వెలుతురులో ఉంది కాగితం.

"ఆ," అంది.

అవతల అతను గట్టిగా ఊపిరి వదలడం వినిపించింది. పైకి వస్తున్నా, ఉండమన్నాడు. మోకాలి వల్ల ఒక్కో మెట్టూ రెండు కాళ్ళూ ఆనించి ఎక్కుతాడు. ఆ చప్పుడు ఆమెకు బాగా తెలుసు. మొదటి అంతస్తు దగ్గర చప్పుడు ఆగింది. దిగుతున్న శ్రీకర్ అక్కడే ఎదురుపడి ఉంటాడు. ఇద్దరిలో ఎవరో ఏదో అన్నారు. మాటలు పైకి అందలేదు. తర్వాత ఒక జత అడుగులు గబగబా కిందికి పోయాయి. ఇంకో జత మెల్లగా పైకి మొదలైంది.

అమల వెనక్కి జరిగి బోర్డుకు వీపు ఆనించి నిలబడింది. ఒక పిన్ను భుజానికి గుచ్చుకుంది. కదల్లేదు.

అభిలాష్ మలుపు తిరిగాడు. చెమటతో ముఖం మెరుస్తోంది. కళ్ళల్లో తడి ఉంది. నవ్వుతున్నాడు. సీజన్ మొదలైనప్పటి నుంచి అతను అలా నవ్వగా ఆమె చూడలేదు. పై మెట్టు మీద నిలబడి ఆయాసం తీర్చుకుని, ఆమె భుజం పక్కనుంచి బయటికి కనిపిస్తున్న కాగితం అంచును చూశాడు.

"జర జరుగు అమలా," అన్నాడు. "నా కండ్లతోటి సదువుకుంట."